బిందెకు మెడ రకం ఏమిటి?

నన్ను ఈ మధ్య ఒక ఎర్రచుక్క పట్టి పీడిస్తోంది. డాక్టరుకి చూపించుకునే రకం కాదు. ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే కుడిచేతి పైమూలన వెలుగుతుంది. పక్కనే ఒక అంకె: 43 శాతం. నా పేరు మీద ఉన్న సరుకుల సమాచారం నూటికి 43 పాళ్లే పూర్తయిందని దాని ఉవాచ. సాయంత్రం దాకా మెడ వంచి ఖాళీలు నింపి, ఇంటికి పోయి, అన్నం తిని, పడుకుని, మర్నాడు వచ్చి చూస్తే 41. రాత్రికి రాత్రి దిగిపోవడానికి ఇదేమన్నా ఎండాకాలంలో ప్రకాశం బ్యారేజీ నీటిమట్టమా? ఎందుకు తగ్గిందయ్యా అని కన్సల్టెంటు కుర్రాణ్ని అడిగితే, "నిన్న రాత్రి ఇంకో మూడు ఫీల్డులు మాండేటరీ చేశాం సార్" అన్నాడు సంతోషంగా.

ఎక్సెల్ షీట్లతో నడిచే ఆఫీసు సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ‘ధరలు ఫైనల్’, ‘ధరలు ఫైనల్ కొత్తది’, ‘ఇదే వాడండి’ అనే ఫైళ్లు మీ దగ్గరా ఉండే ఉంటాయి. మా దగ్గర వాటి తర్వాత ‘అమ్మతోడు ఇదే ఫైనల్’ అని కూడా ఒకటి ఉండేది. మాది విజయవాడలో వంటసామాను అమ్మే కంపెనీ. గిన్నె నుంచి గ్రైండరు దాకా వేలల్లో రకాలు. షోరూములో ఒక ధర, వెబ్‌సైట్లో ఇంకో ధర, బిల్లులో మూడో ధర పడుతుంటే, కస్టమర్లు ఆ మూడింట్లో తక్కువది ఫోన్లో చూపించి నెగ్గుకొస్తుంటే, ఎండీ గారికి ఒళ్లు మండి ఈ సిస్టమ్ కొన్నారు. ప్రోడక్ట్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అని పూర్తి పేరు, పిమ్ అని ముద్దుపేరు. సరుకు పేరు, కొలతలు, బరువు, ఫొటో, బార్‌కోడ్, నాలుగు మాటల వర్ణన అన్నీ దీంట్లో ఉంటాయి. షోరూము, వెబ్‌సైటు, ఆన్‌లైన్ అంగళ్లు అన్నీ ఇక్కణ్నుంచే తోడుకుంటాయి. ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే అని డెమోలో చెప్పారు. ఒక్కచోట తప్పు రాస్తే అన్నిచోట్లా తప్పే అన్నది కూడా ఆ మాటలోనే ఉంది గానీ, ఆ రోజు ఎవరికీ వినపడలేదు.

డెమోలో చొక్కా చూపించారు. నీలం, ఎరుపు. ఎస్సు, ఎమ్ము, ఎల్లు. ఒక్క నొక్కు నొక్కితే ఆరు చొక్కాలు వరసగా పుట్టుకొచ్చాయి. ఎండీ గారు మురిసిపోయారు, సంతకం పెట్టేశారు. ఆ చొక్కా మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. ఎందుకంటే అమలు చేయడానికి వచ్చిన బృందం, పని తొందరగా తెమలాలని, అంతకుముందెప్పుడో ఒక బట్టల వ్యాపారికి తయారుచేసిన నమూనానే తెచ్చి మా గిన్నెల మీద కప్పింది. దాంతో ప్రతి వస్తువుకీ జెండర్, ఏజ్ గ్రూప్, మెడ రకం, చేతుల పొడవు అనే గడులు తప్పనిసరిగా నింపాల్సి వచ్చింది.

బిందెతో మొదలెట్టాం. జెండర్ దగ్గర కాసేపు మొహాలు చూసుకుని ‘యూనిసెక్స్’ పెట్టాం. ఏజ్ గ్రూప్ ‘అందరూ’. మెడ దగ్గర ఆగిపోయాం. ఎగతాళి చేసి దాటెయ్యడానికి వీల్లేదు, బిందెకి నిజంగానే మెడ ఉంది. గడిలో రౌండ్ నెక్, వీ నెక్, బోట్ నెక్, కాలర్ అని నాలుగు రకాలిచ్చారు. డేటా ఎంట్రీ అమ్మాయి బిందెను ఇటూ అటూ తిప్పి చూసి ‘రౌండ్ నెక్’ అని నొక్కింది. తప్పేముంది? గుండ్రంగానే ఉంది. ఇక చేతుల పొడవు దగ్గర ప్రెషర్ కుక్కర్ అడ్డం తిరిగింది. దానికి ఒకటి పొడుగు చెయ్యి, ఒకటి పొట్టి చెయ్యి. లిస్టులో ఫుల్ హ్యాండ్స్ ఉంది, హాఫ్ హ్యాండ్స్ ఉంది, రెండూ కలిపి ఎంచుకునే వీలు లేదు.

"ఈ గడులు తీసెయ్ బాబూ, మాకక్కర్లేదు" అన్నాను.

"చేంజ్ రిక్వెస్ట్ పెట్టండి సార్. అది ఛార్జబుల్."

పెట్టడానికి కాదండీ, తీసెయ్యడానికి డబ్బులట. మా కుక్కర్ అప్పట్నుంచీ హాఫ్ హ్యాండ్స్‌తోనే ఉంది.

పాత షీట్లలోని సరుకుని పిమ్‌లోకి ఎక్కించడాన్ని మైగ్రేషన్ అంటారు. ఈ పని రెండు వారాలని ప్లానులో రాశారు. స్టీలు గిన్నెల్ని నంబర్లతో అమ్ముతామని మీకు తెలుసు. పదో నంబరు నుంచి పన్నెండో నంబరు దాకా ఉండే సెట్టుని షీటులో 10-12 అని రాసుకుంటాం. ఎక్సెల్ దాన్ని డిసెంబరు 10 చేసింది. 8-10 సెట్టు అక్టోబరు 8న తేలింది. 14-16 సెట్టు ఒక్కటే తప్పించుకుంది, క్యాలెండర్లో అన్ని నెలలు లేవు గనక. ఆ షీటు యథాతథంగా పిమ్‌లోకి ఎక్కి, వెబ్‌సైట్లోకి దిగి, ‘స్టీలు గిన్నెల సెట్టు, డిసెంబరు 10’ అని కనపడేసరికి, డెలివరీ ఆ రోజేనా అని ఫోన్లు మొదలయ్యాయి.

ఇది మా ఒక్కళ్ల ఖర్మ కాదని తెలిశాక కొంత ఊరట కలిగింది. మానవ జన్యువులకు పేర్లు ఖాయం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చేసింది. మార్చ్1 అనే జన్యువుని ఎక్సెల్ మార్చి ఒకటో తేదీ చేసేస్తోందని మార్చ్ఎఫ్1 అన్నారు. సెప్ట్1ని సెప్టిన్1 అన్నారు. సృష్టి రహస్యం ఛేదించినవాళ్లే ఎక్సెల్‌కి దారిచ్చి పక్కకి తప్పుకున్నారు. గిన్నెలమ్ముకునేవాళ్లం, మాదెంత?

బార్‌కోడ్ల గతి ఇంకా అన్యాయం. 13 అంకెల నంబరుని ఎక్సెల్ ‘8.9ఈ+12’ అని కుదించి చూపిస్తుంది. అలాగే సేవ్ చేసి మళ్లీ తెరిస్తే 89 తర్వాత అన్నీ సున్నాలే. అంటే ఇడ్లీ పాత్రకీ, ఇస్త్రీ పెట్టెకీ ఒకటే బార్‌కోడ్. ఇక్కడ మాత్రం పిమ్‌ని మెచ్చుకోవాలి. బార్‌కోడ్‌లో మొదటి 12 అంకెల్ని ఒకటితో, మూడుతో మార్చి మార్చి గుణించి, కూడి, ఆ పై పదికి ఎంత తక్కువైందో చూస్తే పదమూడో అంకె వస్తుంది. ఆ లెక్క కుదరలేదని మొత్తం షీటుని వెనక్కి కొట్టింది. సిస్టమ్ వల్ల మాకు కలిగిన మొదటి లాభం అదే. రెండో లాభం కోసం చూస్తున్నాం.

బార్‌కోడ్ మాటొచ్చింది గనక ఇంకొకటి. 890తో మొదలైతే మన దేశంలో తయారైన సరుకే అని మా కౌంటర్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ నంబరు ఇచ్చింది జీఎస్‌1 ఇండియా అని మాత్రమే దానర్థం. వస్తువు ఎక్కడ తయారైందో అది చెప్పదు. ఆ నమ్మకం మీదే ఎవరో ‘తయారైన దేశం’ అనే గడిని పైనుంచి కింది దాకా ‘భారత్’ అని లాగిపారేశారు. చైనా నుంచి పెట్టెల్లో దిగిన వెల్లుల్లి ప్రెస్సుకి కూడా పౌరసత్వం వచ్చేసింది. ఇది నవ్వి ఊరుకునేది కాదు. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం 2018 జనవరి 1 నుంచి ఆన్‌లైన్లో అమ్మే సరుకుకి ఎమ్మార్పీ, పరిమాణం, తయారుచేసినవాళ్ల వివరాలు తెర మీదే చూపించాలి. తప్పు చూపిస్తే జరిమానా కంపెనీకి, చీవాట్లు నాకు.

తప్పు ఎవరిది అన్న ప్రశ్న రాగానే పెద్ద కంపెనీల్లో ఏం చేస్తారో మేమూ అదే చేశాం. మీటింగు పెట్టాం. దాని పేరు డేటా గవర్నెన్స్. ప్రతి గడికీ ఒక ఓనరు ఉండాలట. ధరకి సేల్స్, పన్నుకి అకౌంట్స్, ఫొటోకి మార్కెటింగ్. చకచకా పంచేసుకున్నాం. బరువు దగ్గరికి వచ్చేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు. అందరూ గోడౌన్ బాబాయ్ వైపు తిరిగారు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "బరువు నాదేంటండీ, సరుకుది" అన్నాడు. మినిట్స్‌లో ‘బరువు: ఓనరు తేలవలసి ఉంది’ అని రాశాం.

పన్నుకి ఓనరు తేలినందువల్ల ఒరిగిందీ అంతంతమాత్రమే. 2025 సెప్టెంబరు 22న స్టీలు గిన్నెల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కి దిగింది. ఇలాంటి రోజు కోసమే కదయ్యా ఈ సిస్టమ్ కొన్నది అని ఎండీ గారు ఉత్సాహంగా వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. పిమ్‌లో కొత్త రేటు ఎక్కించాం. అది అప్రూవల్ క్యూలోకి వెళ్లింది. అప్రూవ్ చెయ్యాల్సింది అకౌంట్స్ ఆయన. ఆయనకి లాగిన్ లేదు. ఎందుకు లేదంటే కొన్న లైసెన్సులు అయిపోయాయి. ఎవరికిచ్చారయ్యా అవన్నీ అంటే, శిక్షణకి వచ్చి మానేసినవాళ్ల పేర్ల మీద ఉన్నాయి. ఈ లోపు అకౌంట్స్ ఆయన తన టాలీలో రేటు మార్చుకుని, బిల్లులు కొట్టుకుంటూ, భోజనానికి కూడా వెళ్లొచ్చాడు.

ఇక్కడ జంతికల గొట్టం గురించి చెప్పాలి. చెప్పకపోయినా వ్యాసానికి వచ్చే లోటేం లేదు. నాకు మాత్రం మనశ్శాంతి ఉండదు.

సరుకుల్ని వర్గాలుగా విడగొట్టే మీటింగులో స్టీలు పాత్రలు, నాన్‌స్టిక్, కుక్కర్లు, మిక్సీలు అన్నీ మధ్యాహ్నానికల్లా సర్దుకున్నాయి. టేబుల్ మీద గొట్టం ఒక్కటి మిగిలింది. ఇది ఏ వర్గం అని అడిగాడు కన్సల్టెంటు కుర్రాడు. హైదరాబాద్ పిల్లాడే, తెలుగువాడే. కానీ జంతికలు ప్యాకెట్లో పుడతాయనే అనుకుంటున్నాడు. "మా అమ్మ స్వగృహ షాపులో కొంటుంది సార్. దీని వర్కింగ్ ప్రిన్సిపుల్ ఏంటి?" అన్నాడు. కౌంటర్లో పనిచేసే అక్క లేచి, గాల్లో రెండు చేతులతో పిండి నొక్కి, మూడు చుట్లు తిప్పి చూపించింది. ఆ కుర్రాడు శ్రద్ధగా రాసుకున్నాడు: ‘మాన్యువల్ ఎక్స్‌ట్రూడర్’.

ఎక్స్‌ట్రూడర్ అనగానే అకౌంట్స్ ఆయన మేల్కొన్నాడు. పాత్ర అయితే హెచ్‌ఎస్‌ఎన్ కోడు 7323. కానీ చేత్తో నడిపేవి, 10 కిలోలు మించనివి, ఆహారం తయారీకి వాడే యాంత్రిక ఉపకరణాలు అంటూ 8210 అని ఒక శీర్షిక ప్రత్యేకంగా ఉంది. మరి గొట్టం పాత్రా, యంత్రమా? మా దగ్గర రెండు రకాలున్నాయి. పైన మర తిప్పితే దిగేది ఒకటి, రెండు చేతులతో అదిమేది ఒకటి. మర ఉన్నది యంత్రం, అదిమేది పాత్ర అని ఆయన వాదం. అదిమేదానికే కండబలం ఎక్కువ కావాలి, అదే అసలు యంత్రం అని అక్క వాదం. ఇత్తడి గొట్టం సంగతేమిటని మధ్యలో నేను అడిగాను. అడగకుండా ఉంటే టీ వేళకి బయటపడేవాళ్లం. ఇత్తడి అయితే పాత్రల్లోనే వేరే అధ్యాయంట, 74.

సరే, కోడు పక్కన పెట్టి బిళ్లల దగ్గరికి వచ్చాం. ఒక గొట్టంతో పాటు నక్షత్రం చిల్లు బిళ్ల, కారప్పూసకి సన్న చిల్లుల బిళ్ల, రిబ్బన్ పకోడీకి చీలికల బిళ్ల, ఇంకా ఎవరూ ఎన్నడూ వాడని బిళ్లలు కొన్ని వస్తాయి. ఈ బిళ్లలు గొట్టానికి వేరియంట్లా, విడిభాగాలా, యాక్సెసరీలా? పిమ్ పరిభాషలో పేరెంట్, చైల్డ్ అని ఉంటాయి. "గొట్టం పేరెంటు, బిళ్లలు చైల్డులు" అన్నాడు కుర్రాడు. "చైల్డుని విడిగా అమ్మొచ్చా?" అన్నారు సేల్స్‌వాళ్లు. "అమ్మొచ్చు సార్." "మేం అమ్మం." "అయితే అవి చైల్డులు కావు సార్." "ఎందుకమ్మరండీ, రోజూ అడుగుతారు, సింకులో కొట్టుకుపోయిందని" అంది అక్క. ఈ ముక్క ఇంతవరకు సేల్స్‌వాళ్లకి తెలీదు. ఏళ్ల తరబడి ఒక గిరాకీ కౌంటర్ దాకా వచ్చి వెనక్కి పోతోందని ఈ బిళ్లల తగువులోనే బయటపడింది. న్యాయంగా ఆ రెండో లాభం ఇదే అనుకోవాలి గానీ, సేల్స్ మేనేజరు మొహం చూసి ఆ మాట పైకి అనలేదు.

వేరియంట్లే అని చివరికి తేల్చినా ఒడ్డెక్కలేదు. మన చొక్కా గుర్తుందిగా, దానికి రెండే తేడాలు: రంగు, సైజు. గొట్టానికి లోహం వేరు, నడిచే పద్ధతి వేరు, బిళ్లల సంఖ్య వేరు. మూడో తేడాకి గడి లేదు. అందువల్ల లోహాన్ని రంగు కింద, బిళ్లని సైజు కింద పెట్టాం. మా సిస్టమ్‌లో ఇప్పుడు ‘రంగు: ఇత్తడి, సైజు: నక్షత్రం’ అనే వస్తువు ఒకటి ఉంది.

తర్వాత పవర్ సోర్స్. కరెంటు, బ్యాటరీ, సోలార్, ఇతరములు. చెయ్యి అనేది ఈ యుగంలో శక్తి వనరు కాదు కాబోలు, లిస్టులో లేదు. ‘ఇతరములు’ నొక్కితే ‘వివరించండి’ అని ఇంకో గడి నోరు తెరిచింది. అందులో ఎవరో ‘కోడలు’ అని రాశారు. అప్రూవల్ దశలో నా కంటపడి తీసేశాను. తీసెయ్యకుండా ఉండాల్సింది, మొత్తం సిస్టమ్‌లో పచ్చి నిజం అదొక్కటే.

ఆఖరి గడి కెపాసిటీ, మిల్లీలీటర్లలో. అక్క తడుముకోకుండా "సోలెడు పిండి పడుతుంది" అంది. సోల అంటే ఎన్ని మిల్లీలీటర్లు సార్ అన్నాడు కుర్రాడు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని గోడౌన్ బాబాయ్ ఎక్కం అప్పజెప్పాడు. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. మా గోడౌన్ దాకా ఇంకా చేరలేదు. పోనీ నీళ్లు పోసి కొలుద్దామని కుర్రాడే గొట్టం పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు. అడుగున చిల్లులున్నాయి. బిళ్ల తీసి కొలుద్దామన్నాడు. బిళ్ల తీస్తే అడుగే ఉండదు. కాసేపు ఆ గొట్టంలోంచి ఇవతలి నుంచి అవతలికి చూశాడు. మర్నాడు అక్క ఇంటి దగ్గర బియ్యప్పిండి కలిపి, వాము, నువ్వులు వేసి తెచ్చింది. ప్యాంట్రీలో స్టవ్ వెలిగించాం. ఎంత పిండి పట్టిందో తూకం వేసి రాసుకుందామని అనుకున్నది నిజమే గానీ, మొదటి వాయ దిగాక ఎవరికీ గుర్తు రాలేదు. ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్ని విభాగాలూ ఒక్క మాట మీద నిలబడిన పూట అది. కెపాసిటీ గడి మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

నవ్వుతాలు ఇంతటితో సరి. నా అసలు ఏడుపు వేరే ఉంది.

ఈ సిస్టమ్ గడి నిండిందా లేదా అని చూస్తుంది. గడిలో ఉన్నది నిజమా కాదా అన్నది దాని పని కాదు. ఈ సంగతి మా వాళ్లు తొందరగానే కనిపెట్టారు. ఖాళీ గడిలో ఒక ఫుల్‌స్టాప్ చుక్క పెడితే నిండినట్టే లెక్క. ఒకరోజు ఒక మిక్సీ ఏకంగా నూటికి నూరు శాతం, ఆకుపచ్చగా మెరిసిపోతోంది. తెరిచి చూస్తే వాట్లు చుక్క, జార్లు చుక్క, వారంటీ చుక్క. తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. నెలాఖరుకి ఆకుపచ్చ ఎన్ని అనే కదా పైవాళ్లు అడుగుతున్నది. వర్ణనల సంగతీ అంతే. ఏఐ చేత రాయించడం మొదలెట్టాక ప్రతి మూతా మీ ఆధునిక వంటగదికి అందం తెచ్చేదే, ప్రతి గరిటా అనుభూతే. మూత ఏ గిన్నెకి సరిపోతుందో మాత్రం అందులో ఉండదు.

నిజానికి జనానికి కావాల్సిన సమాచారం చాలా తక్కువ. ఇండక్షన్ స్టవ్ మీద పనిచేస్తుందా? రోజూ అడిగే ప్రశ్న ఇది. మా దగ్గర ఆ గడి సగానికి పైగా ఖాళీ. కౌంటర్లో ఒక అయస్కాంతం ఉంటుంది. అంటుకోకపోతే మంచి స్టీలని కొనేవాళ్ల నమ్మకం. 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ ఉండే 304 గ్రేడు అంటుకోదు, నిజమే. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవకరకం 202 కూడా అంటుకోదు. కనక మంచిదేదో అయస్కాంతం చెప్పలేదు. అది చెప్పగలిగింది ఒక్కటే: అడుగున అయస్కాంతం పట్టని గిన్నె ఇండక్షన్ మీద వేడెక్కదు. అంటే ఏది చూసి మురిసిపోయి కొంటున్నారో, దాన్నే ఇంటికెళ్లి తిట్టుకుంటున్నారు. ఈ నాలుగు ముక్కలు సరిగ్గా రాసిపెడితే తిరిగొచ్చే సరుకు సగం తగ్గుతుందని నా నమ్మకం. మేమేమో బిందె మెడ కొలుస్తున్నాం.

మినిట్స్‌లో ఓనరు లేకుండా మిగిలిపోయిన ఆ బరువు గడి గురించి కూడా చెప్పాలి. అజ్జరం నుంచి మాకు ఇత్తడి గంగాళాలు వస్తాయి. చేత్తో కొట్టినవి, ఏ రెండూ ఒకే బరువు ఉండవు; కిలోల లెక్కన అమ్ముతాం. పిమ్‌కి మాత్రం ఒక వస్తువుకి ఒకటే బరువు కావాలి. 18 కిలోలని రాయాల్సిన చోట చుక్క ఒకటి ఎక్కడో జారిపడి 1.8 అయింది. ఐదు కిలోల లోపు సరుకు బైకు మీద, ఆపైది ట్రాలీ ఆటోలో పంపాలని సిస్టమే విడగొడుతుంది. డెలివరీ కుర్రాడు ఆ గంగాళం చూసి, "అన్నా, ఇది బైకుది కాదు" అన్నాడట. "సిస్టమ్‌లో ఒకటీ పాయింట్ ఎనిమిదే ఉందిరా" అన్నారట ఇక్కడివాళ్లు. గంగాళాన్ని బైకుకి తాడుతో కట్టుకుని, లిఫ్టు లేని ఇంట్లో నాలుగో అంతస్తుకి భుజాన మోసి, సంతకం తీసుకుని వచ్చాడు. ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. మర్నాడు నడుముకి బెల్టు కట్టుకుని వచ్చినప్పుడు అడిగితే తెలిసింది.

ఆ 1.8 ఎవరు రాశారో చూద్దామని హిస్టరీ తెరిచాను. అక్కడ మనిషి పేరు లేదు, ‘ఇంపోర్ట్ యూజర్’ అని ఉంది. ఇన్ని మీటింగుల్లో, ఇన్ని చార్టుల్లో, సమాచారం అంటే తెర మీద కనపడేదనే మేమంతా మాట్లాడుకున్నాం. దాన్ని మెట్లెక్కించే మనిషి ఒకడున్నాడని మాలో ఎవరికీ తోచలేదు. అతన్ని ఏ మీటింగుకీ పిలవలేదు. అతనికి లాగిన్ కూడా లేదు. తన చేతిలో ఉన్నది ఎంత బరువో ఆ రోజు కంపెనీలో కచ్చితంగా తెలిసింది అతనొక్కడికే.

ఇప్పుడు గోడౌన్ గుమ్మంలో ఒక ప్లాట్‌ఫారం కాటా పెట్టించాం. గంగాళాలు, కాగులు ఏవి బయటికి కదిలినా ముందు దాని మీదికి ఎక్కాల్సిందే. బాబాయ్ బరువు చూసి చాక్‌పీసుతో పెట్టె మీద రాస్తాడు. సిస్టమ్ ఏం చెప్పినా చాక్‌పీసు మాటే చెల్లుతుందని ఎండీ గారు అందరి ముందూ చెప్పారు. పిమ్ లైసెన్సు రెన్యువల్ కాగితాలు ఆయన టేబుల్ మీద ఉన్నాయి. నన్నడిగితే రెన్యువల్ చెయ్యమనే అంటాను. ‘అమ్మతోడు ఇదే ఫైనల్’ దగ్గరికి మళ్లీ వెళ్లే ఓపిక నాకు లేదు. కాకపోతే ఆ శాతం లెక్క ఎత్తేసి, కౌంటర్లో రోజూ అడిగే పది ప్రశ్నలకి గడులు పెట్టి, మిగిలినవాటికి తాళం వెయ్యమని కూడా అంటాను. వినకపోవచ్చు.

సంక్రాంతికి జంతికల గొట్టం కొనే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మనవి. మా వెబ్‌సైట్లో వెతక్కండి, కెపాసిటీ గడి నిండలేదు గనక అది ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. షోరూముకే రండి. కౌంటర్లో అక్కని అడిగితే పెట్టె విప్పి చూపిస్తుంది. బిళ్లలు లెక్కపెట్టుకుని మరీ తీసుకోండి.